కంచంలో ఎడమ సగం

ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర జొన్నరొట్టె కాలుతున్న వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఆకలి కాదు, కోపం వస్తుంది.

పక్షవాతం వచ్చిన తాత దవాఖాన నుంచి ఇంటికొచ్చిన రోజు, ఎప్పటిలాగే ఆయన ఎడమ పక్కన కూర్చున్నాను. రొట్టెలో సగం తుంచి నాకివ్వడం ఆయన అలవాటు. ఆ రోజు కుడి సగం తినేసి, "సగం రొట్టెనే ఏసినవేందే?" అని నాయనమ్మను గదిమాడు. ఎడమ సగం కంచంలోనే ఉంది. "తాతా" అని పిలిచాను. ఆయన నా వైపు తిరగనే లేదు.

"గా సగం మైసమ్మ తల్లిది. తల్లి గా పక్కకు కూసున్నది, నువ్వు లెవ్వు బిడ్డా," అంది నాయనమ్మ.

"మరి నేను యాడ కూసోవాలె?"

"తాత దిక్కే రాకు."

నా చోటును తాత మా ఊరి దేవత మైసమ్మకు ఇచ్చేశాడనుకున్నాను. ఆయన పోయేదాకా గడప అవతలి నుంచే చూశాను.

మెదడు కుడి భాగం దెబ్బతింటే, కళ్లు బాగానే ఉన్నా ఎడమ వైపు ఒకటుందన్న ధ్యాసే పోవచ్చని పెద్దయ్యాక తెలిసింది. నన్ను మోసం చేసింది తాత కాదు, మా ఇంటి భక్తి. కంచం తిప్పి పెడితే ఆయన ఆ సగమూ తినేవాడు. కుడి పక్కన కూర్చోబెడితే నన్నూ చూసేవాడు. కంచాన్ని ఎవరూ తిప్పలేదు, నన్ను మాత్రం తిప్పి పంపారు.