అమాస సెలవు, చెరిపేసిన మూడు పేర్లు

మొన్న ఆదివారం, జగిత్యాలలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేసే మా చెల్లెలి బిడ్డ ల్యాప్‌టాప్ పట్టుకుని సిరిసిల్లలోని మా ఇంటికి వచ్చి, కోరుట్ల బడుల కోసం తమ ఆఫీసు చేసిన హాజరు యాప్ ఎక్కడో తప్పుతోందని నా ముందు కూర్చుంది. "పెద్దమ్మా, గిది అమాస అమాసకు పిల్లలకు సెలవిస్తాంది. ఎంత ఎతికినా ఎందుకో దొరుకుతలేదు" అంది. నాకు నవ్వొచ్చింది. ప్రోగ్రాం తెరిచి చూశాక ఆ నవ్వు కాస్తా చేదెక్కింది. విద్యార్థి సంఖ్య ఉండాల్సిన చోట సాంచా సంఖ్య అని ఉంది. మరమగ్గాన్ని సాంచా అనేది మేము. ఆ మాట అందులో పెట్టింది నేను.

కంప్యూటరున్న గదిలోకి చెప్పులు విడిచి వెళ్లిన రోజులు మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటాయి. డిగ్రీ ముగిసిన కొత్తలో, మా అక్క నడిపిన కంప్యూటర్ సెంటర్లో, ఒక సాంచాల ఆసామి షెడ్డు కోసం ఏ సాంచా మీద ఏ పూట ఎవరుంటారో చూపే ప్రోగ్రాం రాశాను. అమాస నాడు సాంచాలు ఆగేవి కాబట్టి ఆ రోజు దానంతటదే సెలవు పడాలని ఆసామి పట్టుబట్టాడు. తిథులు కట్టడం నాకేం తెలుసు? ముక్కూమొహం తెలియని పెద్దమనిషి ఎవరో రాసి లోకానికి వదిలిన తిథుల లెక్క ఫ్లాపీలో దొరికితే తెచ్చి అతికించాను. దాని నెత్తిన ఆయన షరతు ఉంది: ఎవరైనా వాడుకోండి, మార్చుకోండి, నా పేరు మాత్రం తీయకండి. నేను తీసేశాను. ఎవరు చూడొచ్చారులే అన్న పొగరు. అక్క చూసింది. "ఆయన అడిగింది ఒక్క పేరు. గది గూడ బరువైతాందానె నీకు?" అని అందరి ముందూ కడిగేసి, ఆ వరసలు మళ్లీ టైపు కొట్టే దాకా నన్ను కుర్చీలోంచి లేవనివ్వలేదు. ఆయన పేరు కింద అక్క పేరు, ఆ కింద నా పేరు చేరాయి. అక్క పోయాక, అదే షరతుతో దాన్ని నేనూ ఇంటర్నెట్లో నలుగురి కోసం పెట్టాను.

ఇప్పుడా మూడు పేర్లూ లేవు. వాటి చోట ఆఫీసు ఓనరు పేరు, సర్వహక్కులూ తనవేనన్న బెదిరింపు. పోనీ, ఎత్తుకెళ్లిన మనిషి చదివైనా ఎత్తుకెళ్లాడా? బడిపిల్లల్ని సాంచాల కింద లెక్కగట్టి అమ్ముకుంటున్నాడు. ఆ ఓనరుకు ఫోన్ చేశాను.

"ఇంటర్నెట్ల పెట్టినంక అందరిదే గద మేడం" అన్నాడు తీరిగ్గా.

"అందరిదైతే అండ్ల నీ ఒక్కని పేరెందుకున్నది తమ్మీ?"

"ఈ వయసుల మీకు పేరేంది మేడం" అని నవ్వాడు.

నా పేరు పోతే పోయింది. సెంటర్ బోర్డు ఏనాడో పాత ఇనుములోకి పోయింది. అక్క చేసిన పనిలో అక్క పేరు మిగిలింది ఆ ఒక్క వరసలోనే. దాన్ని అంట్లు కడిగినంత తేలిగ్గా కడిగేసి, పైగా నవ్వు.

మూడు పేర్లూ తిరిగి కొడితేనే అమాస వరస ఎక్కడుందో చూపిస్తానన్నాను మా పిల్లతో. ఇష్టంగానే కొట్టింది. రెండు రోజులకు ఫోన్ చేసి, "సెలవు పడుతలేదు పెద్దమ్మా, బాగనే నడుస్తాంది" అంది. పేర్ల సంగతి అడిగాను.

"తీసేయిమన్నడు. నాతోనే తీయించిండు."

దాన్ని తిట్టలేకపోయాను. ఆ ఈడులో నన్ను కూర్చోబెట్టి ఆ పేరు తిరిగి కొట్టించడానికి నాకు అక్క ఉండేది.

మా వీధి షెడ్లలో ఇప్పుడు అమాసకూ సాంచాలు ఆగడం లేదు. అప్పట్లో నెలకు ఆ ఒక్కనాడు మోత ఆగేది. ఆగిన పొద్దున, అక్క సెంటర్లో కీబోర్డు చప్పుడు వీధి చివరిదాకా వినిపించేది.