పలకల చొక్కా వేసుకున్న రాణి

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనొద్దు. ఈ కథ చివరికి నన్ను వేదిక మీది నుంచి నలుగురు మనుషులు పట్టుకుని, గ్యాస్ బండను దించినట్టు దించుతారు. అప్పుడు నా ఒంటి మీద మహారాణి వేషం ఉంటుంది. హాలంతా పగలబడి నవ్వుతూ ఉంటుంది. ఎందుకు నవ్వుతున్నారో ఆ హాలులో అందరికంటే చివర తెలిసేది నాకే. అక్కడికి మెల్లగా వస్తాను. సరుకంతా ఒకేసారి పరిచేస్తే గిరాకీ లేచిపోతుందని మా నాయన నాకు చిన్నప్పుడే నేర్పాడు.

మా నాయనది మార్కాపురం బజారులో స్టీలు సామాన్ల దుకాణం. నేను బిందెల మధ్య పుట్టి గిన్నెల మధ్య పెరిగాను. తోటి పిల్లలు అక్షరాలు దిద్దుకునే వయసులో నేను "చివరి మాట చెప్పన్నా" అనడం నేర్చుకున్నాను. డాక్టరు రోజుకు మూడు మాత్రలు వేసుకోమంటే "రెండు చేసుకుందాం సార్, నాకూ వద్దు, మీకూ వద్దు" అన్న చరిత్ర నాది.

నాయన నాకంటే రెండాకులు ఎక్కువే చదివాడు. బజారులో అందరూ ఫ్లెక్సీలు కట్టించుకుంటే ఆయన మాత్రం కట్టించలేదు. "దేశంలో పిల్లోళ్ళందరికీ పలకలిచ్చిన ఊరు మనది. ఈడ పుట్టి ఫ్లెక్సీకి ఖర్చు పెట్టేదేంది?" అంటాడు. దుకాణం గుమ్మానికి ఒక పెద్ద పలక వేలాడుతుంటుంది. రోజూ పొద్దున్నే చొక్కా జేబులోంచి బలపం తీసి, ఆ రోజు తగ్గింపు ఏమిటో దాని మీద రాస్తాడు. ఆయన జేబులో పెన్ను లేకపోవచ్చు గానీ బలపం లేని రోజు ఉండదు. ఈ బలపాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోయి అనుభవించాను.

దుకాణాన్ని ఆనుకుని మాదే ఒక చిన్న గది ఖాళీగా ఉండేది. డిగ్రీ అయిపోయిన దగ్గర్నుంచీ నా కన్ను దాని మీదే. బడి వార్షికోత్సవాలకూ, పుట్టినరోజులకూ వేషాలు కుట్టి అద్దెకిచ్చే దుకాణం పెట్టాలని నా కోరిక. గిద్దలూరు నుంచి పామూరు దాకా అలాంటిది ఒక్కటీ లేదని నాయనకు చెప్పి చూశాను.

"లేదంటే ఎవురికీ అక్కర్లేదని అర్థం పాపా," అన్నాడు ఆయన. "ఆ గది అద్దెకు ఇయ్యమని ఫోను కవర్ల పిల్లోడు అడ్వాన్సు పట్టుకోని తిరుగుతున్నాడు."

"నేను కుట్టేది చూడకుండానే అట్ల అంటే ఎట్ల నాయనా?"

"చూపించు మరి. ఎవురొద్దన్నారు?"

సరిగ్గా అప్పుడే మా ఊళ్ళో ఒక కాలేజీవాళ్ళు ఫంక్షన్ హాలులో వీడియో గేముల పండగ పెట్టారు. అందులో కాస్‌ప్లే పోటీ ఉంది. అంటే గేములోని పాత్రలా వేషం కట్టుకుని వేదిక మీదికి రావాలి. మా అవ్వకు ఇదంతా వివరించి చెబితే, "పగటివేషం అంటే సరిపోయేదానికి ఇంత చెప్పల్నా?" అంది.

నాయన మాటిచ్చాడు. "ఆడ బహుమతి తెచ్చినావంటే గది నీది. తేకుంటే కవర్లోడిది. మళ్ళీ నా దగ్గర గొణగగూడదు."

"చేతిలో చెయ్యేసి చెప్పు."

వేశాడు. ఇక చూడండి నా ఊపు.

నేను ఎంచుకున్నది మేమంతా ఫోన్లలో ఆడే ఒక గేములోని కోట కాపలా రాణిని. ఆమెకు నోరు తిరగని పేరేదో ఉంది. నేనూ నా స్నేహితురాలు రేష్మా 'రాతి రాణి' అని పెట్టుకున్నాం. మెడ నుంచి మోకాళ్ళ దాకా చేప పొలుసుల్లా నల్లరాతి కవచం ఉంటుంది. అంత కవచంతోనూ గోడల మీద ఉడతలా గెంతుతుంది. కవచానికి కావలసిన నల్ల ఫోము షీట్లు ఒంగోలులో ఒకాయన దగ్గర ఉన్నాయి. ఆయనతో ఫోనులో బేరం మొదలుపెట్టాను. ఆయన తగ్గించాడు. ఇంకొంచెం అన్నాను. ఇంకొంచెమూ తగ్గించాడు. గెలుస్తున్నకొద్దీ రుచి మరిగి, "రవాణా కూడా మీదే" అన్నాను. పండగ ఎల్లుండి అనగా ఆయన ఫోన్ చేసి, "అమ్మా, మీతో మాట్లాడుతుంటే బాగుంది గానీ, సరుకు వేరేవాళ్ళు పట్టుకెళ్ళారు" అన్నాడు.

రేష్మా తల పట్టుకుంది. "ఆయన చెప్పిన రేటుకు సరే అనుంటే ఏం పోయేదే?"

"మొదటి మాటకే సరే అంటే మా వంశం పరువు పోదా?"

"ఇప్పుడు ఫోము పోయింది. గది గూడా పోతుంది. పరువు కప్పుకోని పో వేదిక మీదికి."

అలా తిట్లు తింటూ ఇద్దరం స్కూటీ మీద పలకల కార్ఖానాల వైపు పోతున్నాం. రోడ్డు పక్కన కాశయ్య మామ కార్ఖానా ముందు పగిలిన పలక ముక్కల కుప్ప కొండలా ఉంది. నల్లగా, పలచగా, ఎండకు మెరుస్తూ. స్కూటీ ఆపేశాను. రాతి రాణికి రాయి కాక ఫోము ఎందుకు? మార్కాపురంలో పుట్టిన మనిషికి తప్ప ఈ ఆలోచన రాదని అప్పుడు గర్వపడ్డాను. ఎందుకు రాదో తర్వాత తెలిసింది.

"మామా, ఈ ముక్కలు ఎట్ల ఇస్తావు?"

"ఇచ్చేదేంది తల్లీ? ఊరికే తీసుకపో."

నా ముఖం వాడిపోయింది. ఊరికే ఇస్తే ఇక బేరం దేనికి ఆడాలి? నాలుక ఊరుకోలేదు. "ఊరికే సరే. మరి బొక్కలో?"

"బొక్కలేంది?"

"ముక్కకు రెండు బొక్కలు వేయాల మామా. వైరు పోవాల గదా."

"ఊరికే ఇచ్చేదానికి బొక్కలు గూడా నేనే వేయాల్నా?"

"కాశయ్య మామ ఎంత మంచోడో ఊరంతా చెబుతా గదా. ఆ పేరు ఊరికే వస్తుందా?"

ఆయన కుప్పను చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ కుప్పను చూశాడు. "వేయిస్తాలే. అయితే కుప్పంతా తీసుకపోవాల."

"మీ బండిలో ఇంటికాడ దింపితే తీసుకపోతా."

"దింపుతా పో."

రాజ్యం గెలిచినదానిలా ఇంటికొచ్చాను. ఆ కుప్పను ఎవరు ఎత్తిపోస్తారా అని ఆయన ఎన్నాళ్ళుగానో మనిషి కోసం వెతుకుతున్నాడట. అది నాకు చాలా కాలానికి తెలిసింది.

మర్నాడంతా ఇల్లు కార్ఖానా అయింది. గోనెపట్టాతో చొక్కా కుట్టాను. పలక ముక్కలను పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి వైరుతో బిగించాం. అంచులు సానరాయి మీద అరగదీశాను. ఒక్క మాట దాచకుండా చెబుతాను: అంత అందమైన పని నా చేతుల మీదుగా మళ్ళీ జరగలేదు. వెలుతురు పడితే పాము కుబుసంలా మెరిసింది. అక్కడ ఆపి ఉంటే బాగుండేది.

"ఇంకా చానా మిగిలినాయి గదా," అన్నాను.

"ఉంటే ఉండనీయే," అంది రేష్మా.

"ఊరికే వచ్చినాయి. పారేస్తామా? ఇంకో వరుస వేద్దాం."

రెండో వరుస వేశాం. భుజాలకు అదనంగా రెక్కలు పెట్టాం. అయినా మిగిలితే నడుముకు పట్టా చేశాం. తొడుక్కున్నాక తెలిసింది, ఊపిరి పీల్చుకోవాలన్నా ముందుగా అనుకుని పీల్చాలని. కూర్చోబోతే మోకాళ్ళ దగ్గర పలకలు అడ్డం పడ్డాయి. నడిస్తే పెళ్ళింటి మెట్ల మీద అద్దె బిందెలు దొర్లినట్టు చప్పుడు.

"ఇది గోడలు దూకుతుందంటే ఎవురు నమ్ముతారే?" అంది రేష్మా.

"ఆ రాణి వేరు. ఈమె కొంచెం కుదురైన మనిషి."

పండగ రోజు నేను స్కూటీ ఎక్కే దారి లేదు. నాయన దుకాణం సామాన్లు తెచ్చే ట్రాలీ ఆటోలో నన్ను నిలబెట్టి తాడుతో కట్టారు. దారి పొడుగునా జనం ఏదో దేవత ఊరేగింపు అనుకుని దారి ఇచ్చారు. ఒక ముసలమ్మ దండం కూడా పెట్టింది. నేను చెయ్యెత్తి దీవిద్దామనుకున్నాను గానీ చెయ్యి లేవలేదు.

హాలు ముందు దిగాక నాయన నా చుట్టూ తిరిగి చూశాడు. ఆయన కళ్ళలో మెరుపు. నా పనితనానికే అనుకున్నాను. కొంత నిజమే కూడా.

"భలే పని చేసినావు పాపా. వెనక ఎంత నున్నగా ఉందో! వీపు మీద పెద్ద పలకలు పెట్టినావే!"

"అవు నాయనా. సగం పగిలిన పెద్దవి దొరికినాయి."

"కదలగాకు. వైరు ఒకటి వదులైంది, బిగిస్తా."

నేను కదలడమా! వెనక గరగరమని ఏదో గీకుతున్నట్టు అనిపించింది.

"ఏంది నాయనా ఆ చప్పుడు?"

"వైరమ్మా, వైరు. అయిపాయ."

తల వెనక్కి తిప్పడానికి మెడ పట్టీ అడ్డం. రేష్మా ముందుకు పోయి నా పేరు ఇస్తోంది. అలా నేను లోపలికి నడిచాను.

వేదిక మెట్లు చెక్కవి. ఒక్కో మెట్టు నా కాలి కింద మూలిగింది. టెంటు హౌసు మనుషులు చేయందించి, ఇంకొకరిని పిలిచి, ఆ ఇంకొకరు మరొకరిని పిలిచి, చివరికి నన్ను పైకి చేర్చారు. నా ముందు వచ్చిన కుర్రాడు ఫోము కత్తి తిప్పుతూ పిల్లిమొగ్గలు వేసి వెళ్ళాడు. నేను మధ్యకు వచ్చి నిలబడ్డాను. దీపాల వెలుగు కవచం మీద పడగానే హాలంతా "ఓ..." అంది. ఆ 'ఓ' ఇప్పటికీ నా చెవిలో ఉంది. నాకు ఆ ఒక్క శబ్దం చాలు అనిపించింది. గది తాళంచెవి కళ్ళ ముందు ఆడింది.

జడ్జి ఒంగోలు నుంచి వచ్చిన కళ్ళద్దాల యువకుడు. నా ముందుకు మైకు తెచ్చి, "అద్భుతంగా ఉందండీ. నిజం రాయేనా?" అన్నాడు.

"మార్కాపురం రాయి సార్. దొంగ సరుకు మా ఇంటా వంటా లేదు."

"గేములో ఈ రాణి గోడలు దూకుతుంది కదా. ఒక్కసారి దూకి చూపిస్తారా?"

"ఇది ఆమె గోడ కట్టకముందు కథ సార్. అప్పటికి దూకడం ఇంకా రాదు."

జనం నవ్వారు. జడ్జి కూడా నవ్వాడు. "పోనీ, వెనక్కి తిరగండి. కవచం మొత్తం చూద్దాం."

తిరిగాను. తిరగడానికి పట్టిన సేపట్లో ఒక మనిషి బయటికి పోయి టీ తాగి రావచ్చు. నా వీపు జనానికి కనబడిందో లేదో, హాలు పేలింది. చప్పట్లు, ఈలలు, కుర్చీలు కొడుతున్నారు. నా ఛాతీ పలకలను తోసుకుని ఉప్పొంగింది. చూడండి, చూడండి, ఇదీ పనితనమంటే అనుకున్నాను.

ఇంతలో వెనక నుంచి ఒక ఆడమనిషి గొంతు: "ఏమ్మా, ఐదు లీటర్ల కుక్కరుకు గూడా ఇస్తారా?"

ఈ ప్రశ్న ఇక్కడెందుకు వచ్చిందో నాకు అర్థం కాలేదు. కానీ ఏం చెయ్యను? గిరాకీ అడిగితే జవాబు చెప్పకుండా ఉండటం మా రక్తంలో లేదు. నాతోపాటు ఇటు తిరిగిన జడ్జి మైకు ఇంకా నా నోటి ముందే పట్టుకుని ఉన్నాడు.

"ఏది అక్కా?" అన్నాను గోడ వైపు చూస్తూ.

"గరిటె!"

"మూడు లీటర్ల పైన దేనికైనా ఇస్తాం అక్కా!"

"రెండు కొంటే?"

"రెండు కొంటే చిల్లుల గరిటె గూడా వేసిస్తా!"

"మూత పోయిన పాత కుక్కరు తీసుకుంటారా?" ఇంకో మూల నుంచి మగగొంతు.

"చూసి చెబుతానన్నా. దుకాణానికి తీసుకరా!"

జడ్జి నా వెనక్కి వచ్చి వీపు మీది రాతను మైకులో చదివాడు. ఆ గొంతులో ఏడుపు ఉంది. "కుక్కరు కొంటే గరిటె ఉచితం. బేరం లేదు. వివరాలకు ఈమెను అడగండి." నా వైపు తిరిగాడు. "అమ్మా, ఇది కాస్‌ప్లేనా, సంతా?"

గరగరమన్న ఆ వైరు చప్పుడు అప్పుడు గుర్తొచ్చింది. చూశారా, బలపాన్ని గుర్తుపెట్టుకోమన్నాను!

రాతి రాణి కుక్కర్లు అమ్మదు కాబట్టి, పాత్ర చెడగొట్టినందుకు, బహుమతి పిల్లిమొగ్గల కుర్రాడికి పోయింది. నన్ను నలుగురు పట్టుకుని దించారు. ట్రాలీ ఆటో దగ్గర రేష్మా కటింగ్ ప్లేయరుతో వైర్లు తెంపుతుంటే నాకు కన్నీళ్ళు ఆగలేదు.

"ఊరుకోవే. హాలంతా నిన్నే చూసింది."

"చూసింది నన్ను కాదే, కుక్కర్లను. నా గది కవర్లోడికి పాయ."

నాయన అక్కడ లేడు. జనం దుకాణానికి దారి అడుగుతున్నారని ముందే అక్కడికి పోయాడట. ఆ కోపం మీద పొద్దున్న దాకా ఆయనతో మాట్లాడలేదు.

పొద్దున దుకాణానికి పోయేసరికి మెట్ల దాకా జనం. అర్ధవీడు నుంచి బస్సు దిగిన వాళ్ళు కూడా "వీపు మీద రాసుకున్న పాప దుకాణం ఇదేనా?" అని అడుగుతున్నారు. మధ్యాహ్నానికి గరిటెలు అయిపోయాయి. నాయన చెమట తుడుచుకుంటూ వచ్చి తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"బహుమతి రాలేదు గద నాయనా," అన్నాను ముఖం తిప్పుకుని.

"ఆ అద్దాలాయన ఇచ్చేదే బహుమతా? ఇంత అందంగా చేసినావు గనకనే ఊరంతా చూసింది. చూసినారు గనకనే చదివినారు. ఉత్త గోడ మీద రాసుంటే ఎవురు చదువుతారు?" ఆ మాటకు నా కోపం సగం కరిగింది. అంతలో ఆయన గొంతు తగ్గించాడు. "అద్దె మాత్రం కవర్లోడు ఇస్తానన్నంత ఇయ్యాల."

"ఇస్తా. మరి నా వీపుకు అద్దె?"

"వీపుకు అద్దేంది?"

"ఫ్లెక్సీ కట్టించుంటే ఖర్చు గాదా? హాలంతా చూసిన ఫ్లెక్సీ. మాట్లాడే ఫ్లెక్సీ. అది గది అద్దెలో కొట్టేసుకుందాం."

నాయన లెక్క వేద్దామని బలపం తీసి, నవ్వి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఆయన కళ్ళల్లో, నిన్న కవచాన్ని చూసినప్పటి మెరుపే మళ్ళీ కనబడింది.

ఆ కవచం ఇప్పుడు నా వేషాల దుకాణం ముందు కొయ్య బొమ్మకు తొడిగి ఉంది. ముందు వైపు నా అద్దె వివరాలు, వీపు వైపు నాయన తగ్గింపులు. రోజూ పొద్దున ఇద్దరం చెరోవైపు నిలబడి రాసుకుంటాం.

ఇక ఆ రాణి సాక్షిగా, మార్కాపురం నల్లరాయి మీద చెయ్యి వేసి చెబుతున్నాను. ఊరికే ఇస్తామంటే కొండనైనా తెచ్చుకుంటాను, దానికి బొక్కలు కూడా వేయించుకుంటాను. కానీ మా నాయన జేబులో బలపం ఉన్నంత కాలం ఆయనకు వీపు చూపించను.