అమ్మ మోగిన శుక్రవారాలు

ఫోను మోగితే ఎత్తకూడదని పిల్లలకు నేర్పిన ఇల్లు ఒకటి గుణదలలో ఉండేది. మేరీమాత కొండ కింద సందులో, ఆటో తోలే యేసుబాబు ఇల్లది. ప్రతి శుక్రవారం పొద్దున సెల్‌ఫోను కిటికీ గూట్లో పెట్టి, యేసుబాబు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. పొరపాటున తన చెయ్యే దాన్ని ఎత్తేస్తుందేమోనని ఆయన భయం. పక్కనే కూతురు స్టెల్లా, కొడుకు ఊపిరి బిగబట్టి చూసేవాళ్లు. కువైట్‌లో ఒకరింట్లో పనిచేసే వాళ్లమ్మ సంపూర్ణమ్మ అక్కడి సెలవురోజు చూసుకుని మిస్డ్ కాల్ ఇచ్చేది. ఒక్క రింగు మోగి ఆగిపోతే క్షేమం. రెండోది కూడా మోగితే ఏదో కష్టమొచ్చినట్టు; యేసుబాబు ఎస్టీడీ బూత్‌కి పరుగెత్తి తిరిగి చెయ్యాలి. ఆలుమగలు చేసుకున్న ఒప్పందం అది.

ఒక్క రింగు మోగి ఆగగానే "అమ్మ మోగింది!" అని తమ్ముడు సందంతా వినపడేలా అరిచేవాడు. యేసుబాబు చేతులు విప్పుకుని, ఆటో తీసి, సెంటర్లో బండి దగ్గర వేడివేడి పునుగులు కట్టించుకొచ్చేవాడు. తల్లి దగ్గర లేని ఇంట్లో పండగంటే అదే. ఇరాక్ మీద యుద్ధం మొదలై, కువైట్‌లో సైరన్లు మోగుతున్నాయని టీవీల వాళ్లు గొంతు చించుకున్న రోజుల్లో కూడా ఆ ఒక్క రింగే వచ్చింది, పునుగులూ వచ్చాయి. రెండో రింగు ఏనాడూ మోగలేదు. మా అమ్మకి పరాయి దేశంలో కాలికి ముల్లు కూడా గుచ్చుకోలేదని స్టెల్లా బళ్లో గొప్పలు పోయేది.

ఆ స్టెల్లా ఇప్పుడు జుట్టుకు రంగేసే వయసుకొచ్చింది. యేసుబాబు పోయాడు, తమ్ముడు మంగళగిరిలో కాపురం పెట్టాడు, సంపూర్ణమ్మ ఎప్పుడో తిరిగొచ్చి కూతురి దగ్గరే ఉంటోంది. విదేశాల్లో ఉన్న మనవాళ్ల కోసం విజయవాడలో నడిచే ఒక సహాయ కేంద్రంలో స్టెల్లాది ఉద్యోగం. అమ్మ కోసం ఫోను ముందు నిలబడ్డ పిల్లకి జీతమిచ్చి మరీ ఫోను ముందు కూర్చోబెట్టారని ఇంట్లో వేళాకోళం.

వేసవికి ముందు విదేశాంగ శాఖ అధికారిణి ఒకామె ఢిల్లీ నుంచి వచ్చింది. ఇల్లంటుకున్నాక బావి తవ్వితే లాభం లేదు కదా! గల్ఫ్‌లో ఏ పేటలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో, విమానాలు ఆగితే ఏ సరిహద్దు మీదుగా బస్సుల్లో తేవాలో, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండిపోయినవాళ్లకి ఎంబసీ ఏ కాగితం ఇస్తుందో అన్నీ ముందే అనుకుని పెట్టుకుంటారట. ఇక్కడి వాళ్ల పని వినడం. దానికో రిహార్సల్ కూడా జరిగింది. సెక్షన్ పెద్ద జానకిరామ్ గారు క్యాంటీన్‌లోంచి ఫోను చేసి, చిక్కుకుపోయిన ఆడమనిషిలా సన్నగొంతుతో ఏడ్చారు. ఆ ఏడుపుకి ఎవరికీ జాలి కలగలేదు సరికదా, కుర్చీల్లోంచి పడిపోయేంత నవ్వొచ్చింది.

అధికారిణి మాత్రం నవ్వలేదు. "క్షేమమేనా అని మాత్రం అడగొద్దు," అంది తన వచ్చీరాని తెలుగులో. "అడిగితే అందరూ క్షేమమనే అంటారు. ఈ పూట ఏం తిన్నారు? నీళ్లున్నాయా? తలుపు తాళం ఎవరి దగ్గర ఉంది? ఇవి అడగండి. రోజూ అడగండి."

బుద్ధిగా తలూపిన వాళ్లలో స్టెల్లాది ముందు వరస.

వేసవి ముదిరేసరికి గల్ఫ్‌లో గొడవలూ ముదిరాయి. విమానాలు ఆగిపోయాయి. సహాయ కేంద్రంలో ఫోన్లకు ఊపిరాడలేదు. ఒకసారి మాట్లాడిన మనిషిని చివరిదాకా ఒకే గొంతు కనిపెట్టుకుని ఉండాలన్నది అక్కడి పద్ధతి. అందుకని ఒక్కొక్కరికీ ఆఫీసు సెల్లు ఇచ్చారు. అలా స్టెల్లా వంతుకొచ్చిన వాళ్లలో పెడన నుంచి వెళ్లిన మార్త ఒకతి. ఇంటిపనికి వెళ్లిన మనిషి.

"ఇంటావిడ మంచిదేనండి. తిండికి లోటు లేదు. వాళ్లు ఇంకో ఊరు ఎల్లిపోతారేమో అనుకుంటన్నారండి, అదే భయం," అంది మార్త మొదటి రోజు.

"రోజూ ఒకసారి నాకు కబురు చెయ్యమ్మా. బస్సులు వేస్తారు. వేసినప్పుడు నీ పేరు ఇస్తాను."

"అట్టాగేనండి. మిస్డ్ కాల్ ఇత్తానండి."

ఆ మాటతో స్టెల్లా మనసు వెన్నలా కరిగింది. ఈ రోజుల్లో మిస్డ్ కాల్ అనేవాళ్లు ఎవరున్నారు! "ఇవ్వమ్మా, చాలు," అంది మురిసిపోతూ. అది దేనికి గుర్తో ఈమె అడగలేదు, ఆమె చెప్పలేదు.

మర్నాడు పొద్దున సెల్లు ఒక్కసారి మోగి ఆగింది. స్టెల్లా చెయ్యి దానంతటది వెనక్కి వెళ్లింది. కిటికీ గూడు, నాన్న వీపు, పునుగుల పొట్లం అన్నీ కళ్లముందు తిరిగాయి. మార్త పేరు పక్కన 'క్షేమం' అని కంప్యూటర్లో ఎక్కించింది. రోజూ అంతే. ఒకరోజు పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఇంకోటి వచ్చాయి. పిచ్చితల్లి, రెండుపూటలా చెబుతోంది అని నవ్వుకుంది. మొదటి బస్సు వెళ్లింది. కష్టంలో ఉన్నవాళ్లకే ముందు సీట్లు అన్నారు. క్షేమంగా ఉన్న మార్త పేరు స్టెల్లా ఇవ్వలేదు. రెండో బస్సు తెల్లవారి బయల్దేరుతుందని, ఆ తర్వాత సరిహద్దు తెరిచి ఉంటుందో లేదో చెప్పలేమని ఎంబసీ నుంచి కబురొచ్చింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, టీ తాగుతూ, తల్లికి మార్త ముచ్చట చెప్పింది. సంతోషిస్తుందనే చెప్పింది.

సంపూర్ణమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. "నువ్వు తిరిగి చేశావా?"

"ఎందుకమ్మా? ఒక్క రింగేగా."

"ఒక్క రింగైతే?"

"క్షేమం కదా! నువ్వు ఇచ్చేదానివి కాదూ?"

"జొరంతో లేవలేక పడున్న రోజు కూడా నేను ఒకటే ఇచ్చానే," అంది ముసలామె మెల్లగా. "కాలు మీద నూనె పడినప్పుడూ ఒకటే. ఆ పిల్లకి చెయ్యి ముందు."

స్టెల్లా ఆఫీసు సెల్లు తీసి మార్తకి చేసింది. అవతల రింగు సగం కూడా మోగకముందే ఫోను ఎత్తారు.

"ఎన్నిసార్లు ఇచ్చానండీ!" మార్త గొంతు ఎండిపోయి ఉంది. "మాట్టాడేంత బ్యాలెన్సు లేదండి, మీరే చేత్తారని చూత్తన్నా. ఎంబసీ నంబరు ఎంతకీ కలవలేదండి."

స్టెల్లా అప్పుడు అడిగింది, మొదటిరోజు నుంచీ అడగాల్సినవి. ఇంటివాళ్లు వెళ్లిపోయి వారం కావస్తోంది. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంది. ఖర్జూరాలు నానబెట్టుకుని తింటోంది. పంపులో నీళ్లు సన్నబడ్డాయి. తాళం? బయట వేసుకుని పోయారు.

పెడనలో మిస్డ్ కాల్ అంటే 'మీరే చెయ్యండి' అని అర్థం. ఊరంతా అంతే, దేశమంతా అంతే. ఒక్క గుణదల యేసుబాబు ఇంట్లోనే 'క్షేమం'. తన ఇంటి ముచ్చటని లోకానికంతా అంటగట్టి, ఒక మనిషిని తాళం వెనక వదిలేసింది స్టెల్లా. సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. జానకిరామ్ గారికి ఫోను చేసి, జరిగింది దాచకుండా చెప్పింది. ఆయన తిట్టాల్సిన నాలుగూ తిట్టి, ఆ నోటితోనే ఎంబసీ వాళ్లని పట్టుకున్నారు. ఆ పేటలో సాయానికని ఎంబసీ వాళ్లు ముందే కుదుర్చుకున్న మనిషి, అక్కడ కిరాణా కొట్టు నడిపే మలయాళీ, పోలీసుల్ని వెంటబెట్టుకుని వెళ్లి తలుపు తీయించాడు. పాస్‌పోర్టు బదులు కాగితం చేతిలో పెట్టి రెండో బస్సులో చివరి సీటు ఇప్పించారు.

గన్నవరంలో దిగిన మార్త స్టెల్లాని చూసి, "మీ గొంతు విని మీరు పెద్దావిడనుకున్నానండి," అంది. ఒక్క మాట కూడా దెప్పలేదు. దెప్పినా బాగుండేదనిపించింది స్టెల్లాకి.

ఆ శుక్రవారం స్టెల్లా సెంటర్లో పునుగులు కట్టించుకొచ్చి తల్లి ముందు పెట్టింది. తను పొట్లం ముట్టుకోలేదు.

"జొరమొచ్చిన శుక్రవారాలు ఎన్నమ్మా?"

"లెక్కెవరు పెట్టారే," అంది సంపూర్ణమ్మ, ఒకటి నోట్లో వేసుకుంటూ.

"రెండోది మోగించొచ్చుగా! నాన్న చేసేవాడుగా! మేమిక్కడ పండగ చేసుకుంటుంటే నువ్వక్కడ..."

"మోగిస్తే మీ నాన్న బూత్‌కి పోయేవాడు. పునుగుల బండి దగ్గరికి పోయేవాడు కాదు." ముసలామె పొట్లం కూతురి వైపు జరిపింది. "ఒక్క రింగు ఇచ్చేసి కళ్లు మూసుకుని పడుకునేదాన్ని. ఈపాటికి ఆటో తీసుంటాడు, ఈపాటికి కట్టించుంటాడు, పిల్లలు ఊదుకుంటా తింటా ఉంటారు అనుకునేదాన్ని. నాకు అక్కడ ఉన్న పండగా అదేనే. తిను, చల్లారిపోతన్నయ్."