సంఘంలో పెట్టిన ప్రార్థన

భూమిని, సముద్రాన్ని, వాటి లోపల మన కంటికి కనబడని సమస్తాన్ని చేసిన దేవునికి స్తోత్రం. ఇది రాయడానికి ధైర్యమిచ్చినవాడు ఆయనే.

నా కూతురు నంద్యాలలో హాస్టల్లో ఉండి జీవశాస్త్రం చదువుతోంది. మొన్న సెలవులకు తీసుకొస్తుంటే శిరివెళ్ల దాటాక బస్సులో అడిగాను.

"ఏం చదువుతాండావ్‌మ్మా ఇప్పుడు?"

"ప్రాణం ఎట్ల మొదలైంటాదో అది, నాయనా. సముద్రం అడుగున రాళ్ల సందుల్లోంచి వేడినీళ్లు ఎగజిమ్ముతాయంట. ఆడ చిన్న చిన్న అణువులు ఒకదానికొకటి అతుక్కొని, ప్రాణానికి కావాల్సిన మొదటి పదార్థాలు అయింటాయని అంటాండారు. ఖాయంగా తెలీదు. ఇంకా ఎతుకుతాండారు."

"అట్లయితే మీ అమ్మ సంగటికి పెట్టే ఎసట్లో ఏదో ఒకటి ఈదుతాండాల గదా."

"దానికి లక్షల ఏండ్లు కాగాల. సంగటి మాడిపోతాది." నవ్వి, గొంతు తగ్గించి అంది: "దేవుడు అట్లనే చేసింటే తప్పేముంది నాయనా?"

ఆళ్లగడ్డ వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

మా చర్చి సంఘంలో ఆదివారం ప్రసంగానికి ముందు ప్రార్థన విన్నపాలు చెప్పుకుంటారు. వాటిని అడిగేది సంఘ పెద్దనైన నేనే. ఎప్పుడూ జబ్బులు, పరీక్షలు, వానలు. ఆ సెలవుల్లో వచ్చిన ఆదివారం, నా కూతురు అక్కడే ఉండగా, అందరికంటే ముందు నేనే చెప్పాను: "నా బిడ్డ చదువులో పడి దేవుణ్ణి విడిచింది. ప్రార్థించండి."

అందరూ ఒక్కసారిగా గొంతెత్తారు. ఒకామె ఏడుస్తూ వచ్చి నా కూతురి తలమీద చెయ్యి పెట్టింది. నా కూతురు మాత్రం కళ్లు మూసుకోలేదు, నన్నే చూస్తూ నిలబడింది. ఆరాధన చివరి ఆశీర్వాదం కాకముందే బయటికి వెళ్లి, ఆ సాయంత్రమే నంద్యాల బస్సెక్కింది.

నాలుగు రోజులకు ఫోనెత్తింది. "నీ ఒక్కనికి చెప్పినా నాయనా, సంఘానికి కాదు. నేను దేవుణ్ణి ఇడిసినానని యాడ చెప్పినావో, ఆడనే కాదని చెప్పు. అప్పుడొస్తా."

ఆమె దేవుణ్ణి విడవలేదు. బస్సులో ఆమె అడిగింది ఆయన పనిని గురించే. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. జవాబు లేక భయపడి, ఆ భయాన్ని విన్నపం చేశాను.

అప్పటినుంచి మూడు ఆదివారాలు విన్నపాల వేళ లేచి నిలబడ్డాను. ఇతరుల జబ్బులు చెప్పి కూర్చున్నాను.

రేపు మళ్లీ ఆదివారం. చదువుతున్న మీరు నాతో కలిసి ప్రార్థించండి. సంఘం ఎదుట నేను అబద్ధమాడానని చెప్పడానికి నా నోరు తెరవమని దేవుణ్ణి అడగండి.