టువాలు చాటు స్పీకర్

పెబ్బేరు పశువుల సంతలో దళారి సతీష్ గొంతు విన్నవాళ్లు తక్కువ. టువాలు కప్పి, దాని కింద రైతు వేళ్లు పట్టుకుని ధర చెప్తాడు. అట్లాగే కొనేవాడి వేళ్లూ నొక్కుతాడు. మధ్యలో ఎద్దు ఎంత మెడ సాచినా తన ధర తనకు తెలియదు. అందరి బేరాలూ కుదిర్చే అతడికి కుర్చీ వేసి కూర్చోమన్నవాళ్లు మాత్రం లేరు. సంత లేనప్పుడు వనపర్తి ఇంటర్నెట్ సెంటర్లో ఒక ఆట ఆడతాడు. దేశదేశాల మనుషులు కలిసి నడిపే ఆ ఉత్తుత్తి దేశంలో శాసనసభ ఉంది, కొట్లాడుకునే రెండు పార్టీలున్నాయి. దాని స్పీకర్ కుర్చీకి సతీష్ పోటీకి దిగాడు.

పోటీదారులంతా సభలో ఉపన్యాసాలు రాస్తుంటే, అతడు అలవాటుకొద్దీ ఇద్దరు పార్టీ నాయకులకూ చాటుగా సందేశాలు పంపాడు. సంగతి పొక్కి సభ భగ్గుమంది. సెంటర్ నడిపే మాలతి పకపకా నవ్వింది. "ఏందన్నా, గీడ గూడ దళారి పనేనా? పోయింది నీ కుర్చీ!"

"మంది ముందల అడుగుతే ఎవడన్న మొండికేస్తడమ్మా," అన్నాడు సతీష్, మొహం వాడిపోయి.

అతని గుట్టు రట్టు చేద్దామని ఒక నాయకుడు తనకొచ్చిన సందేశాన్ని సభలో పెట్టాడు. పంతంకొద్దీ రెండోవాడూ పెట్టాడు. రెండిట్లోనూ ఒకటే మాట: 'తప్పు మీవాళ్లు చేసినా, అవతలివాళ్లు చేసినా, ఒకే తీరుగా నోరు మూయిస్తాను. ఇష్టమైతేనే ఓటెయ్యండి.'

తర్వాత మొదటి నాయకుడు రాశాడు: 'నా ఓటు ఇతనికే.'

సతీష్ తెర మీంచి చూపు తిప్పలేదు. "మాలతమ్మా, ఇంకో గంట రాసుకో. రెండోడు గూడ ఏందో రాస్తుండు."