పాలు విరిగిన రోజు పుట్టిన టీ

నూలు మిల్లు క్యాంటీన్‌లో ఆమెను అందరూ గిన్నెలక్క అనేవారు. తొమ్మిదేళ్లుగా అంట్లు తోమడమే ఆమె పని. వంటమాస్టరు ఆమెను పొయ్యి దరిదాపులకు రానిచ్చేవాడు కాదు.

ఒక వానాకాలం ఉదయం మాస్టరు జ్వరంతో రాలేదు. సరిగ్గా ఆ రోజే కాచబోయిన పాలన్నీ విరిగిపోయాయి. పావుగంటలో టీ విరామం. పొద్దుటి నుంచి దూది ధూళి మింగిన రెండు వందల మంది గరగరలాడే గొంతులతో వచ్చి పడతారు. మేనేజరు తల పట్టుకున్నాడు.

"టీ ఆకు ఉందిగా సార్. నన్ను చూడనివ్వండి," అంది గిన్నెలక్క.

"నువ్వా?" అన్నాడాయన. వేరే దిక్కు లేక పక్కకు తప్పుకున్నాడు.

చిన్నప్పుడు దగ్గొస్తే వాళ్లమ్మ అల్లం కాచిన నీళ్లు పట్టించేది. అది తలుచుకుని, కూరకు తెచ్చిన అల్లమంతా కచ్చాపచ్చాగా దంచి మరిగించింది. టీ ఆకు, బెల్లం వేసింది. నిమ్మరసం మాత్రం ముందు చిన్న గిన్నెలో కాస్త టీతో కలిపి కాచి చూసింది. నోట్లో పెట్టుకోలేనంత చేదు! పారబోసి, ఈసారి టీ దించి, సెగ తగ్గాక పిండింది. నల్లటి టీ కళ్లముందే తేనె రంగుకు తిరిగింది.

మొదటి గ్లాసు మిషన్ల మేస్త్రీ చేతికెళ్లింది. వంక పెట్టందే ఆయనకు ముద్ద దిగదు.

"ఏంటమ్మాయ్, పాలు ఆవు దగ్గరే మర్చిపోయొచ్చావా?"

అందరూ గొల్లుమన్నారు. ఆయన ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క. గొంతు సవరించుకున్నాడు.

"గొంతు ఊడ్చి కడిగినట్టుంది. ఇంకో గ్లాసు పొయ్యి!"

వారం తర్వాత మాస్టరు తిరిగొచ్చాడు. "పాలు లేనిది కూడా ఒక టీయేనా?" అని మూతి విరిచాడు. కానీ జనం అదే కావాలన్నారు. తనే కాచాడు, మరిగే నీళ్లలో నిమ్మకాయలు పిండి. ఒక్కరూ రెండో గుక్క తాగలేదు. ఆఖరికి ఆమె అంట్లు తోమే తొట్టి దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"అక్కా, నిమ్మకాయ ఎప్పుడు పిండుతావ్?"

దాచుకోవచ్చు. ఆమె దాచలేదు.

"దించాక, మాస్టారూ. టీకి కాస్త ఊపిరాడనివ్వాలి."

మర్నాటి నుంచి రెండో పొయ్యి ఆమెదైంది. అన్నేళ్లూ తొట్టి పక్కన నిలబడి, అడుగున మిగిలిన చల్లటి టీ తాగిన మనిషి, ఇప్పుడు మొదటి గ్లాసు తనే పోసుకుని, మెట్టు మీద కూర్చుని, ఊదుకుంటూ తాగేది. అల్లం ఘాటుకు కళ్లు చెమర్చేవి, నిమ్మ పులుపుకు పెదవి విరిసేది. వరుసలో నిలబడ్డ వాళ్లు తొందర పెడితే తలెత్తి అనేది:

"ఉండండర్రా! చేసినదాన్ని నేను, నాకు నచ్చకుండా మీకెలా పోస్తాను?"