కత్తికి మతమేంటే అన్న పెద్దమనిషి

అవునవును, ఆ కత్తి దగ్గరే ఆపాను మొన్న. మీరు టీ చల్లారిపోతోందని లేచారు గాని, అసలు సంగతంతా కత్తితోనే మొదలు. క్లిఫర్డ్ సగ్డెన్ కత్తి. జింక కొమ్ము పిడి, మూరెడు పొడుగు. వాళ్ళ నాన్న మాంసం కొట్టు నుంచి అతనికి దక్కిన ఆస్తి అదొక్కటే. క్రిస్మస్ రోజు భోజనాల బల్ల దగ్గర దాన్ని పైకెత్తి నిలబడతాడు చూడండి, యుద్ధం గెలిచొచ్చిన సేనాపతి కూడా అంత పొంగడు. గెలిచింది ఎవరి మీదయ్యా అంటే, పొద్దుటినుంచీ ఓవెన్లో కాలి కాలి నోరెత్తలేని టర్కీ కోడి మీద!

ఈ క్రాగ్‌లీ ఊళ్ళో పసిపిల్లలకు అక్షరాలు దిద్దించి దిద్దించి రిటైరైన దాన్ని నేను. మొండిపిల్లల్ని చూశాను, అబద్ధాల పిల్లల్ని చూశాను, పక్కవాడి బిస్కెట్టు మింగి ఏడుపు మాత్రం తనే ఏడ్చే పిల్లల్నీ చూశాను. ఈ మూడూ కలిసిన పిల్లాడు నాకు బళ్ళో దొరకలేదు. డెబ్భై ఏళ్ళ వయసులో, మెడకి టై కట్టుకుని, చర్చి కమిటీలో దొరికాడు.

వాళ్ళ నాన్న కొట్టు స్టేషన్ రోడ్డులో ఉండేది. క్రిస్మస్ వారంలో గుమ్మానికి పెద్దబాతులు తలకిందులుగా వేలాడేవి. క్లిఫర్డ్‌ని పని నేర్చుకోమని కొట్లోకి పంపితే మొదటి రోజే బకెట్లో నెత్తురు చూసి రంపపు పొట్టు మీద వెల్లకిలా పడిపోయాడు. నీళ్ళు చల్లి లేపి వాళ్ళ నాన్న అన్నాడట, "వీడు రిబ్బన్లు అమ్ముకోడానికే పుట్టాడ్రా దేవుడా!" రిబ్బన్లు కాదు, తివాచీలు అమ్మాడు. జీవితమంతా జనం కాళ్ళ కింద పరిచే సరుకు అమ్మి, తను మాత్రం అందరి నెత్తికెక్కి కూర్చున్నాడు.

మరి బాతుల ఈకలు పీకింది ఎవరు? అతని చెల్లెలు మేవిస్. పద్నాలుగేళ్ళ పిల్ల, పెరటి షెడ్డులో చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే వారమంతా కూర్చుని పీకింది. పండగ రోజు వాళ్ళ నాన్న ముద్దుగా బాతు కాలు తీసి పిల్ల పళ్ళెంలో పెడితే, "వద్దు నాన్నా, దాని మెడ ఇంకా నా చేతిలోనే ఉన్నట్టుంది" అందట. అంతే. ఆ రోజునుంచి ఈ రోజు వరకు మాంసం ముట్టలేదు, చేప ముట్టలేదు. ఎవరికీ ఉపన్యాసం చెప్పలేదు. బస్సు డిపో ఆఫీసులో ఉద్యోగం చేసుకుంది, పెళ్ళి చేసుకుంది, మొగుణ్ణి పోగొట్టుకుంది, తన కూడు తను వండుకుంది. మేమిద్దరం ఒకే వీధి. రోజూ సాయంత్రం ఆవిడ ఇంట్లోనో మా ఇంట్లోనో టీ.

క్రిస్మస్‌కి మాత్రం అన్నగారింటికి వెళ్ళాలి. నేను ఒంటరిదాన్ని కాబట్టి నన్నూ పిలుస్తారు. మేవిస్ మాంసం బదులు గింజలతో చేసే తన నట్ రోస్ట్ తను తెచ్చుకుంటుంది. అక్రోట్లు, జీడిపప్పు, చెస్ట్‌నట్లు వేయించి దంచి, ఉల్లిపాయ, పుట్టగొడుగులు, రొట్టెపొడి కలిపి, పొడుగాటి రేకు మూసలో కుక్కి కాలుస్తుంది. మిగతా వాళ్ళ నట్ రోస్ట్ కత్తి పెట్టగానే ఇసకలా రాలిపోతుంది, చెంచాతో ఎత్తుకోవాలి. మేవిస్‌ది రాలదు. రాత్రంతా పైన బరువు పెట్టి ఉంచుతుంది. పల్చగా, నున్నగా ముక్క తెగుతుంది, అంచున గోధుమరంగు పెచ్చుతో.

అలాంటి దాన్ని వాళ్ళు పెట్టేది ఎక్కడనుకున్నారు? బల్ల మీద కాదు. పక్కన రేడియో పెట్టుకునే చిన్న స్టూలు మీద, ఆవపొడి డబ్బా పక్కన! మధ్యలో నీలిపూల పెద్ద పళ్ళెంలో టర్కీగారు కొలువుంటారు.

"ఏమే మేవిస్, ఈ ఏడు కూడా గుర్రాల దాణా తెచ్చావా?" అంటాడు క్లిఫర్డ్. ప్రతి ఏడూ అదే మాట. ప్రతి ఏడూ తన జోకుకి తనే ముందు నవ్వుతాడు.

"నీ గుర్రాన్ని నువ్వు తిను అన్నయ్యా, నా దాణా నేను తింటాను. ఒక్క మాట, దీన్ని కోసేముందు వేరే కత్తి తీసుకో."

"కత్తికి మతమేంటే?"

అని, టర్కీ కొవ్వు కారుతున్న ఆ కత్తినే నేప్కిన్‌కి ఒక్కసారి రాసి మేవిస్ రోస్ట్‌లో దించేవాడు. పైన నూనె మెరిసేది. ఆవిడ ఆ చివర ముక్క పక్కకి తీసి, రెండో వైపు నుంచి తినేది. తినేది అంటున్నాను గాని, తిననిస్తే కదా! టర్కీ మెక్కి కూర్చున్న వాళ్ళందరూ "ఏదీ, రుచి చూద్దాం" అంటూ తలా ఒక ముక్క. రుచి చూడ్డమట! దాణా అన్న నోళ్ళే. చివరికి మూస ఖాళీ. బంగాళాదుంపలు బాతు కొవ్వులో వేయించినవి, అవీ పనికిరావు. మిగిలేవి చిట్టి క్యాబేజీలు. పండగ పూట మేవిస్ ఇంటికొచ్చి రొట్టె మీద చీజ్ పెట్టుకు తినడం నేను ఎన్నిసార్లు చూశానో. "ఎందుకే వెళ్తావ్?" అంటే, "జాయిస్ వదిన బాధపడుతుందే" అంటుంది. జాయిస్ అంటే క్లిఫర్డ్ పెళ్ళాం. పాపం మంచిదే, కాని మొగుడు తుమ్మితే జేబురుమాలు అందించడమే జీవితం అనుకునే రకం.

సరే, ఈ ఏడు వసంతంలో క్లిఫర్డ్‌కి గుండెలో పట్టేసింది. డాక్టరు మాంసం మానమన్నాడు. అంతే! కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అనలేదు. జబ్బు తగ్గిందో లేదో జ్ఞానం మొదలైంది. రోడ్డు మీద కనబడితే చాలు, "టీచరమ్మా, జంతువుల కళ్ళలోకి ఎప్పుడైనా చూశారా?" అంటాడు. నేను చూశాను బాబూ, ప్రస్తుతం ఒకదాని కళ్ళలోకే చూస్తున్నా అనబోయి దగ్గేశాను.

మేవిస్‌కే పాఠం! చిన్నప్పటినుంచి గింజలు దంచుతున్న మనిషికి, "చెస్ట్‌నట్లు ముందు ఉడకబెట్టాలే, తెలుసా?" అని. తాతకి దగ్గులు నేర్పడమంటే ఇదే. ఆవిడేమో నవ్వి, "అలాగా అన్నయ్యా" అంటుంది.

ఇంతలో చర్చికి కొత్త పాస్టరమ్మ వచ్చింది. ఫిలిప్పా అని, చిన్న వయసు, పెద్ద బూట్లు. పుట్టుకతో శాకాహారి. క్రిస్మస్ ముందు ఆదివారం మా చర్చి హాల్లో ఒంటరి వాళ్ళందరికీ భోజనం పెడతాం. "ఈసారి టర్కీ వద్దు. అందరికీ ఒకే వంట, నట్ రోస్ట్. పెద్ద బల్ల మధ్యలో పెట్టి, అందరి ముందు కోసి వడ్డిద్దాం" అంది ఆవిడ. గింజలు పడని ఇద్దరికీ సూప్ అని కూడా అనుకున్నాం.

ఆ సాయంత్రం మేవిస్ నాతో ఏమందో తెలుసా? టీ కప్పు రెండు చేతుల్తో పట్టుకుని, ఎటో చూస్తూ, "ఒక్కసారి మధ్యలో పెడతారటే. స్టూలు మీద కాదు" అంది. అంతే అంది. అరవై ఏడేళ్ళ ముసల్ది, ముఖం మాత్రం నా క్లాసులో మొదటిసారి పలక మీద నక్షత్రం వేయించుకున్న పిల్ల ముఖం.

కమిటీలో క్లిఫర్డ్ లేచాడు. "రోస్ట్ నేను చేస్తా. కత్తి కూడా మాదే కదా. మేవిస్ చిట్టి క్యాబేజీలు చూసుకుంటుంది."

క్రాబ్‌ట్రీ గారు, అంటే మా కమిటీ పెద్ద, "ఇద్దరివీ రుచి చూసి తేలుద్దాం" అన్నాడు. న్యాయంలాగే వినబడింది. ఆయన క్లిఫర్డ్‌తో వారం వారం బౌలింగ్ ఆడతాడని గుర్తుపెట్టుకోండి.

బుధవారం మధ్యాహ్నం క్లిఫర్డ్ ఇంట్లో కమిటీ అందరి ముందు రుచుల పరీక్ష. పాస్టరమ్మకి పక్క ఊళ్ళో అంత్యక్రియలు, రాలేదు. బల్ల మధ్యలో నీలిపూల పళ్ళెంలో క్లిఫర్డ్ రోస్ట్, చుట్టూ పచ్చి ఆకులు, పైన క్రిస్మస్ అలంకారానికి పెట్టే ముళ్ళాకుల హోలీ కొమ్మ. మేవిస్ రోస్ట్ ఎక్కడ? స్టూలు మీద! మీరు నమ్మరు, ఆవపొడి డబ్బా కూడా అలాగే ఉంది.

క్లిఫర్డ్ కత్తెత్తాడు. దించాడు. పళ్ళెం నిండా ఇసక. "రాలితేనే రుచి!" అన్నాడు వెంటనే. క్రాబ్‌ట్రీ గారు చెంచాతో ఎత్తి నోట్లో పెట్టుకుని, "అబ్బ, ఇందులో ఏదో ఉంది క్లిఫర్డ్! మాంసం మానేసినట్టే లేదు!"

"అదే నా రహస్యం" అని క్లిఫర్డ్ కన్ను కొట్టాడు. "ఏమే మేవిస్, తిను, తిను. నేర్చుకోవడానికి సిగ్గేంటి?"

మేవిస్ ఒక ముద్ద తింది. నమిలింది. మింగింది. "ఉప్పు బాగుంది అన్నయ్యా" అంది మర్యాదగా.

ఆ పొడికి నాకు పొలమారి మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళాను. గట్టు మీద, గింజల పొట్టు పక్కనే, నల్లటి వూస్టర్ సాస్ సీసా. అడుగంటా ఖాళీ. కళ్ళజోడు పెట్టుకుని వెనకాల చీటీ చదివాను. చెరుకు మడ్డి, చింతపండు, ఉల్లి, వెల్లుల్లి, నెత్తళ్ళు. నెత్తళ్ళండీ! ఉప్పులో ఊరి కరిగిపోయిన చేపలు!

"జాయిస్, ఈ సీసా ఆయన రోస్ట్‌లో పోశారా?"

"అయ్యో, అది లేకపోతే ఆయనకి ముద్ద దిగదు టీచరమ్మా. దేంట్లోనైనా పోసుకుంటారు. సెనగల సూప్‌లో కూడా."

సీసా పట్టుకొచ్చి బల్ల మీద, హోలీ కొమ్మ పక్కన పెట్టాను. "ఇందులో చేపలున్నాయి క్లిఫర్డ్."

మేవిస్ ఫోర్కు కింద పెట్టింది. చప్పుడు లేకుండా పెట్టింది. ముఖం తెల్లగా పాలిపోయింది.

క్లిఫర్డ్ ఏం చేశాడు? చెల్లెలికి సారీ చెప్పాడా? సిగ్గుపడ్డాడా? కళ్ళజోడు లేదన్నట్టు సీసాని దూరంగా పట్టుకుని, "అబ్బా, పిసరంత! కరిగిపోయిన చేపకి ప్రాణం ఎక్కడిది టీచరమ్మా? నాకు గుండె జబ్బు, నేనే తింటున్నా. ఈవిడకేం?"

"జంతువుల కళ్ళలోకి చూశారా అన్నారు కదా, నెత్తళ్ళకి కళ్ళుండవా?" అన్నాను.

"చిన్నవి కదా" అన్నాడు!

క్రాబ్‌ట్రీ గారు ఒకటే నవ్వు. నవ్వుతూనే, మేవిస్ రోస్ట్ వైపు తల కూడా తిప్పకుండా, "క్లిఫర్డ్‌దే ఖాయం" అనేశాడు. చేతులు లేచాయి. ఆ చేతుల్ని చూస్తే నాకు మాంసం కొట్లో వేలాడే బాతులు గుర్తొచ్చాయి. కాకపోతే బాతులు పాపం చచ్చి వేలాడాయి.

పోయేముందు ఆ పెద్దమనుషులు ఏం చేశారో కూడా వినండి. స్టూలు దగ్గరికి వెళ్ళి, "ఏదీ, రుచి చూద్దాం" అని మేవిస్ రోస్ట్ మూస నాకినంత ఖాళీ చేశారు. ఓటు మాత్రం ఇసకకి.

దారిలో మేవిస్ ఒకటే మాట. "పాస్టరమ్మకి చెప్పకే. అన్నయ్య పరువు పోతుంది." ఆ పరువు ఏ షాపులో దొరుకుతుందో, ఎప్పుడు కొన్నాడో నాకు తెలీదు. సరేలే అన్నాను. అప్పటికి అన్నాను.

ఇవాళ శనివారం. సాయంత్రం మేవిస్ ఇంటికి వెళ్తే గుమ్మంలోనే అక్రోట్లు వేగిన వాసన. వంటింటి బల్ల మధ్యలో పొడుగాటి మూస, పైన రెండు ఇటుకలు, గుడ్డలో చుట్టి.

"ఎవరికే ఇది? రేపు నీది క్యాబేజీలే కదా?"

"క్యాబేజీలు జాయిస్ వదినకి ఇచ్చేశా. రేపు నేను రావడం లేదే. ఇంట్లోనే తింటా. నా బల్ల కూడా బల్లే కదా, మధ్యలోనే పెట్టుకుంటా" అంది. నవ్వుతూనే అంది. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

రేపు మధ్యాహ్నం ఏమవుతుందో నాకు కళ్ళకు కట్టినట్టుంది. పెద్ద బల్ల మధ్యలో చేపల ఇసక. పుట్టుకతో మాంసం ఎరగని ఆ పిల్ల పాస్టరమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, మొదటి చెంచా నోట్లో పెట్టుకుంటుంది. పక్కన క్లిఫర్డ్ కత్తెత్తి ఫొటోకి నిలబడతాడు. ఆ ఫొటో చర్చి పత్రికలో. కింద పేరు, క్లిఫర్డ్ సగ్డెన్ రోస్ట్! ఇక్కడ ఈవిడ ఒంటరిగా, తలుపేసుకుని, తన బల్ల మధ్యలో.

మీ ఇంటికి వచ్చేదారిలో సామాన్ల కొట్టు మూసేస్తుంటే ఆపి, పొడుగాటి కత్తి ఒకటి కొన్నాను. కొత్తది. ఏ కోడీ ఎరగనిది. ఇదిగో, నా హేండ్‌బేగ్‌లో కాగితం చుట్టి ఉంది. మేవిస్ నాతో చెప్పకే అంది నిజమే. కాని ఆవిడ మాట నేను వింటూ ఉండబట్టే కదా ఇన్నేళ్ళూ ఆవిడ రోస్ట్ ఆ ఆవపొడి డబ్బా పక్కన కూర్చుంది!

ఉండండి, మీ కప్పు నేను కడుగుతాలే, వదిలేయండి. ఏడు గంటలు కూడా కాలేదు, పాస్టరమ్మ ఇంకా భోజనానికి కూర్చుని ఉండదు. ఆ ఫోన్ ఇటివ్వండి. మొదట నెత్తళ్ళ సంగతి చెప్తాను. తర్వాత, రేపు పెద్ద బల్ల మధ్యలో పెట్టడానికి ఇటుకల కింద ఉన్న ఆ రోస్ట్‌తో సహా మేవిస్‌ని కారులో ఎక్కించుకు రమ్మంటాను. కోసేది కూడా మేవిస్సే అంటాను.